నలభై ఏడో పేజీలో రెండు లైన్లు తక్కువ

నేను ఒక స్పైరల్ బైండింగ్ నోట్సుని. రెండు వందల పన్నెండు పేజీలు, ముందు ప్లాస్టిక్ అట్ట, వెనక నల్ల అట్ట. అమీర్‌పేటలో సత్తెన్న జిరాక్స్ షాపులో పుట్టాను. నన్ను చదివితే ప్రోగ్రామర్ ఉద్యోగం వస్తుందని నమ్మేవాళ్లు కొందరు. చదవక్కర్లేదు, తలకింద పెట్టుకుని పడుకున్నా వస్తుందని నమ్మేవాళ్లు అంతకు పదింతలు. నేనైతే ఇద్దర్నీ సమానంగానే చూస్తాను, ఎందుకంటే ఇద్దరికీ నా గురించి తెలిసింది సమానమే.

నా అసలు తండ్రి పేరు శశిధర్. తొమ్మిదేళ్ల కిందట ఆయన కోటేశ్వర్ సార్ దగ్గర కోచింగ్ తీసుకున్నాడు. మూడొందల మంది పట్టే హాల్లో ఏడొందల మంది కూర్చునేవాళ్లు. ఒకడు ఊపిరి వదిలితే గానీ పక్కవాడికి పీల్చుకోవడానికి చోటుండేది కాదు. సార్ కుడిచేత్తో బోర్డు మీద రాస్తూ, ఎడంచేత్తో వెనకాలే తుడుచుకుంటూ పోయేవాడు. శశిధర్‌ది ముందు బెంచీ. ముత్యాల్లాంటి దస్తూరీ. ఒకరోజు ఆయన హెడ్డింగు కింద ఎర్రపెన్నుతో గీత కొట్టుకుంటూ ఉండగా సార్ ఎడంచెయ్యి చివరి రెండు లైన్లు మింగేసింది. పక్కవాడిని అడిగితే పోయేది. ఆయన అడగలేదు. ఉన్నంతవరకు రాసి, బ్రాకెట్ మూసేసి, కింద చిన్న పువ్వు వేశాడు. పేజీ చూడముచ్చటగా ఉంది. అదే నా నలభై ఏడో పేజీ.

కోర్సు అయ్యాక నోట్సు సత్తెన్న చేతికి వెళ్లింది. సత్తెన్న నాలుగు పేజీలు తిప్పి, "రాత మంచిగున్నది, జిరాక్స్‌ల సక్కగ పడ్తది" అన్నాడు. అంతే, అదే అసలు ప్రతి అయిపోయింది. లోపలున్నది నిజమా కాదా అన్నది సత్తెన్న పని కాదు. తర్వాత తెలిసిందేమిటంటే, అది ఎవరి పనీ కాదు.

ఆ పేజీలో ఉన్నది చిన్న ప్రోగ్రాం. కొన్ని సంఖ్యలిస్తే వాటిలో రెండో పెద్ద సంఖ్య ఏదో చెప్పాలి. రెండు, అయిదు, ఏడు, తొమ్మిది అని చిన్న నుంచి పెద్దకి ఇస్తే బుద్ధిగా ఏడు అంటుంది. నోట్సులో ఉదాహరణ కూడా అదే కాబట్టి అందరికీ ఆనందమే. తిరగేసి తొమ్మిది, ఏడు, అయిదు, రెండు ఇస్తే మాత్రం సున్నా అంటుంది. పరుగు పందెంలో అసలు పరిగెత్తని మనిషికి రెండో బహుమతి ఇచ్చినట్టు.

తొమ్మిదేళ్లలో నా అన్నదమ్ములు లక్షమంది చేతుల్లోకి వెళ్లారు. ఆ లక్షమందీ హాస్టల్ మేడల మీద తిరుగుతూ ఆ పేజీని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. తప్పు ఒక్కరికీ దొరకలేదు. దొరకాలంటే నడిపి చూడాలి. నడపాలంటే టైపు చెయ్యాలి. టైపు చెయ్యాలంటే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. కంప్యూటర్ ఉద్యోగానికి తయారవుతున్నవాళ్లకి అంత తీరిక ఎక్కడుంటుంది?

నా మొదటి యజమాని నన్ను ఆరునెలలు తలగడగా వాడి, మెడ పట్టేసి ఊరెళ్లిపోయాడు. రెండోవాడు నామీద మ్యాగీ గిన్నె పెట్టేవాడు. గుండ్రటి మచ్చ నా అట్ట మీద ఇప్పటికీ ఉంది. వాడికి ఉద్యోగం వచ్చింది. ఎలా వచ్చిందని నన్నడక్కండి, వాణ్ని తీసుకున్న కంపెనీ ఇంకా అదే ఆలోచిస్తోంది.

మూడో చెయ్యి రవళిది. జమ్మికుంట పిల్ల. ఎస్సార్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్, మూడో అంతస్తు. ఇంట్లోవాళ్లు ఆమెకి ఆరునెలలు గడువిచ్చారు. ఈలోగా ఉద్యోగం రాకపోతే ఒకటో తారీఖు నుంచి పెదనాన్న మీసేవ సెంటర్లో కూర్చుని కుల ధ్రువీకరణ పత్రాలు ప్రింట్ తియ్యాలి. పెదనాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"ఏం బిడ్డా, తొందరేం లేదు. కుర్చీ అయితే ఖాళీగనే ఉన్నది. ఫ్యాను కూడ కుర్చీ మీదికే తిప్పించిన."

ఆ ఫ్యాను మాట వింటేనే రవళికి చెమటలు పట్టేవి. అప్పటికి ఐదు నెలలు గడిచాయి. చేతిలో ఉన్నది ఒక్క ఇంటర్వ్యూ, అదీ పదిరోజుల్లో, మాదాపూర్‌లో.

భయం మనిషిచేత ఎంతటి అఘాయిత్యమైనా చేయిస్తుంది. రవళి కోటేశ్వర్ సార్ కోచింగ్ ల్యాబులో కూర్చుని నన్ను టైపు చేసింది. నా జీవితంలో ఇలాంటి అవమానం జరగలేదు. పైగా సంఖ్యలు తిరగేసి ఇచ్చింది. సున్నా వచ్చింది. మొదట తననే అనుమానించుకుంది. తర్వాత కీబోర్డుని అనుమానించింది. ఆపైన కరెంటుని. మూడోరోజుకి గానీ నామీద అనుమానం రాలేదు. రాగానే నీలం పెన్ను తీసి, మా నాన్న వేసిన పువ్వు పక్కనే, తప్పిపోయిన రెండు లైన్లూ రాసేసింది.

ఆ పేజీ పట్టుకెళ్లి కోటేశ్వర్ సార్‌కి చూపించింది. సార్ టీ తాగుతున్నాడు.

"ఏవమ్మా, ఈ నోట్సుతో ఎంతమంది ఉద్యోగాలు కొట్టారో తెలుసా? తప్పయితే వాళ్లందరికీ ఎట్టా వస్తయ్యి?"

సార్ టీ పూర్తి చేశాడు.

హాస్టల్లో పక్క మంచం ఈశ్వరిది. బొబ్బిలి పిల్ల. నా పేజీల్లో ఒక్క ముక్క అర్థం చేసుకోకుండా రెండు వందల పన్నెండూ కంఠతా పట్టిన మహాతల్లి. అర్ధరాత్రి లేపి అడిగితే పేజీ నంబరుతో సహా చెప్పేది. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే కంపెనీలో ఇంటర్వ్యూ. రవళి సంగతంతా చెప్పింది.

"నీకేటైనా గాలి సోకిందేటే? ఆళ్లు అడిగింది రాసీసి వచ్చీడమే మన పని. ఆలోచించీకి ఆళ్లకి వేరే మనుషులుంటారు" అంది ఈశ్వరి.

"తప్పని తెలిసినంక ఎట్ల రాయాలె?"

"తెల్దనుకుని రాయి. నాకు చూడు, నిజంగానే తెల్దు. ఎంత హాయిగున్నానో."

ఇంటర్వ్యూ రోజున మొదట ఈశ్వరి లోపలికెళ్లింది. పది నిమిషాల్లో పళ్లన్నీ బయటపెట్టుకుని వచ్చింది.

"అదే అడిగేడే. రెండో పెద్ద సంఖ్య. నోట్సులోది కామాలతో సహా దించీసాను. సూసి ఎంత మురిసిపోయాడనుకున్నావ్. నువ్వూ అదే రాసీ. నీ పెదనాన్న ఫ్యాను గుర్తెట్టుకో."

రవళి నన్ను సంచీలోంచి తీసి ఛాతీకి అదుముకుని లోపలికి నడిచింది. టేబుల్ అవతల కూర్చున్నది శశిధర్. మా నాన్న. బట్టతల వచ్చింది, పొట్ట వచ్చింది, టీమ్ లీడర్ అయ్యాడు. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరినీ ఆ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాడు. ఆయనకి జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే మరి.

రవళి కాగితం మీద నా పేజీ ఉన్నదున్నట్టు రాసింది. ఆయన ముఖం వెలిగింది. కాగితం అందుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"సార్, గిది తప్పు సార్."

"ఏంటి తప్పు?"

"నోట్స్‌ల ఇట్లనే ఉన్నది. కానీ పెద్ద నంబర్ ముందుగాల ఇస్తే సున్నా వస్తది."

"చూడమ్మా, ఏడేళ్లుగా అడుగుతున్నాను. ఎవరూ తప్పనలేదు."

"మీరు నడిపి చూసిన్రా సార్?"

ఆయన ల్యాప్‌టాప్ లాక్కుని టైపు చేశాడు. రెండు, అయిదు, ఏడు, తొమ్మిది. ఏడు వచ్చింది. చూశావా అన్నట్టు చూశాడు.

"ఉల్టా ఇయ్యుండ్రి సార్."

ఇచ్చాడు. సున్నా. ఇంకోసారి కొట్టాడు. సున్నా. కంప్యూటర్ మనసు మార్చుకుంటుందేమోనని మూడోసారి మీటని గట్టిగా నొక్కాడు. అది మార్చుకోలేదు.

"ఏ నోట్సు అది? ఇటివ్వు."

నన్ను టేబుల్ మీద పెట్టింది. ఆయన నలభై ఏడో పేజీ తీశాడు. ముత్యాల అక్షరాలు, ఎర్రగీత జిరాక్స్‌లో నల్లబడి, కింద పువ్వు. తొమ్మిదేళ్ల తర్వాత తండ్రీబిడ్డలం ఎదురుపడ్డాం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను.

"ఎవడు రాశాడో గానీ, బుద్ధిలేనివాడిలా ఉన్నాడు" అన్నాడు.

లేచి తలుపు వేసి వచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు రాసుకున్న ఈ రెండు లైన్లు, పాత ప్రోగ్రాంలో ఎక్కడ పెట్టాలో చెప్పగలవా?"

"చెప్తా సార్."

"ఒకటో తారీఖున జాయినవ్వు. నోట్సు ఇక్కడ వదిలెయ్."

"ఉంచుకోండ్రి సార్. నాకేం అక్కర లేదు" అంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కన్నవాడు కాదన్నాడు, కొన్నది వద్దంది.

ఆమెని ఎందుకు తీసుకున్నాడో నాకు వారం పట్టింది తెలుసుకోవడానికి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ప్రోగ్రామునే ఒక స్కూళ్ల గ్రూపుకి ర్యాంకులు లెక్కగట్టడానికి పెట్టేశాడు. మార్కులు రోల్ నంబర్ల వరసలోనే అందులోకి వెళ్లేవి. అప్పట్నుంచీ ఆ స్కూళ్లలో రోల్ నంబర్ ఒకటికి ఫస్టు ర్యాంకు వచ్చిన ఏ క్లాసులోనూ సెకండు ర్యాంకు ఎవరికీ రాలేదు. తల్లిదండ్రులు పిల్లల్ని తిట్టారు, టీచర్లని తిట్టారు, వాస్తు చూపించారు. కంప్యూటర్‌ని ఒక్కరూ అనుమానించలేదు.

ఈశ్వరికీ ఉద్యోగం వచ్చింది, అదే కంపెనీలో. ఆమె జవాబు అప్పటికే సరైనదిగా ఫైల్లోకి ఎక్కిపోయింది. ఎక్కినదాన్ని దించే పద్ధతి అక్కడ లేదు.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రమే మా నాన్న నన్ను కాగితాలు ముక్కలు చేసే మిషన్లోకి తోశాడు. స్పైరల్ తియ్యాలని తట్టలేదు. నలభై ఆరు పేజీలు నలిగాక స్పైరల్ పళ్లలో ఇరుక్కుని మిషన్ మూలిగి ఆగిపోయింది. సగం లోపల, సగం బయట ఉండి ఈ కథ చెబుతున్నాను.

ఒకటో తారీఖున రవళి వచ్చింది. మొదటి గంటలోనే ఆ రెండు లైన్లు పెట్టి, నడిపి, సరిచూసి, కొత్త ర్యాంకుల కాగితం ప్రింట్ తీసింది. మా నాన్న మిషన్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. కంపెనీ పెద్దాయన కూడా కాఫీ కప్పుతో అటే వచ్చి, ముందు మిషన్ని, తర్వాత ర్యాంకుల కాగితాన్ని చూశాడు.

"ఇంతకాలం సెకండు ర్యాంకులు ఎందుకు రాలేదు? ఈ మిషన్ ఎవరు పాడుచేశారు?"

మా నాన్న రవళి వైపు చూశాడు. రవళి నావైపు చూసింది. నలభై ఏడో పేజీ పైకే ఉంది, పువ్వుతో సహా. ఆమెకి రెండు ప్రశ్నలకీ జవాబు తెలుసు. నోరు తెరిచింది.

"తెల్వదు సార్" అంది.

ఆ పిల్ల ఉద్యోగానికి పూర్తిగా తయారైంది.