గోడవైపు తిరిగిన అక్క

ఆ ఊళ్లో నీళ్ల సంఘం ఎన్నికకి పెట్టెలూ చీటీలూ ఉండవు. ఇంటికొక చెయ్యి, అంతే. పోటీలో ఉన్నవాళ్లు జనానికి వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడతారు. మిగతావాళ్లు చేతులెత్తుతారు. పంతులుగారు లెక్కపెడతారు. ఎవరు ఎత్తారో, ఎవరు ఎత్తలేదో నిలబడ్డవాళ్లకి తెలిస్తే రేపు మొహమొహాలు చూసుకోవడం కష్టమని ఎప్పుడో పెద్దలు పెట్టిన పద్ధతి. నిజానికి ఇన్నాళ్లూ దాంతో పనే పడలేదు. ఊరి పెద్దాయన ఒక్కడే నిలబడేవాడు, ఊరంతా ఎత్తేది. పెద్ద ఎన్నికల్లోనూ అదే వరస. పెద్దాయన పార్టీ మారితే సాయంత్రానికల్లా ఊరూ మారిపోయేది. ఎందుకని అడిగితే "అంతే మరి" అనేవారు.

ఈసారి వెల్డరు వాళ్ల అక్క కూడా నిలబడింది.

ఆవిడ బట్టలు కుడుతుంది. "పై వీధి పెరళ్లు తడిశాక గానీ మన వీధి బిందెలు నిండటం లేదు. ఇదేం న్యాయం?" అని మిషను తొక్కుతూ వచ్చినవాళ్లందరినీ అడిగింది. అందరూ తలలూపారు. జాకెట్టు కొలతలిస్తూ తలూపడానికి ఎవరి సొమ్మేం పోయింది!

"ఎవరు ఎత్తకపోయినా నువ్వెత్తుతావు కదరా" అంది తమ్ముడితో.

"అదేం మాటక్కా! రెండు చేతులూ ఎత్తుతాను" అన్నాడు మనవాడు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. వెల్డింగు షెడ్డుకి జాగా ఇచ్చిందీ ఆవిడే.

ఎన్నికరోజు పెద్దాయనా, అక్కా సంఘం హాల్లో పక్కపక్కనే గోడవైపు తిరిగారు. ఆ గోడకి ఈమధ్యే పుస్తకాల బీరువా జరిపారు. పుస్తకాలకి ఎండ తగలకుండా దాని అద్దాల వెనక నల్లగుడ్డ కట్టారు. పెద్దాయన మొహం బీరువావైపు ఉంటే ఉంది గానీ, ఆయన అల్లుడి మొహం మాత్రం జనంవైపే ఉంది. కొత్తగా కాలవ తలుపులు చేయించే పని ఎవరికివ్వాలో తేల్చేది ఆ అల్లుడే.

"అమ్మాయికి ఎత్తేవాళ్లు ఎత్తండి" అన్నారు పంతులుగారు.

వెల్డరు చెయ్యి మోకాలి మీద ఉంది. ఎత్తుదామనే అనుకున్నాడు. ఇంకొక్కడెవడైనా ఎత్తితే వెంటనే ఎత్తేద్దామనుకున్నాడు. పక్కనున్న కిరాణా కొట్టాయన కూడా అదే అనుకుంటున్నాడో ఏమో, వీడి చేతివంకే చూస్తున్నాడు. అల్లుడు వీడివంక చూసి చిన్నగా నవ్వాడు. రోజూ ఇనప గేట్లు ఎత్తే ఆ చెయ్యి అప్పుడు మాత్రం లేవలేదు.

చెవిటి తాత చెయ్యి ఒక్కటే లేచింది. ఆయన ఎవరు నిలబడినా ఎత్తుతాడు. మాటలెలాగూ వినబడవు, ఒకరి మనసు నొప్పించడమెందుకని. కాసేపాగి పెద్దాయనకీ ఎత్తాడు. వెల్డరూ పెద్దాయనకి ఎత్తాడు. హాలంతా ఎత్తుతుంటే చెయ్యి దానంతటదే పైకి పోయింది.

అక్క తిన్నగా తమ్ముడింటికే వచ్చింది. "మరదలా, నాకొక్క ఓటు వచ్చిందే. మావాడిదే! ఊరంతా ఒకవైపుంటే ఒక్కడే చెయ్యెత్తాడు" అంది నవ్వుతూ.

"ఈయనకంత గుండె ఉందనుకోలేదు వదినా!" అని వాడి పెళ్లాం మురిసిపోయింది. అడక్కుండానే మరో గరిటె అన్నం వడ్డించింది. 'అది తాత చెయ్యి' అన్న మాట మనవాడి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. పెళ్లాం ఆ సంగతి వీధి వీధంతా చెప్పుకుంది. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే తామూ ఎత్తలేదని ఒప్పుకోవాలి మరి.

రెండ్రోజులకి అల్లుడు కబురుపెట్టి కాలవ తలుపుల పని ఇచ్చాడు. ముందు హాల్లో బీరువాకి గ్రిల్లు చెయ్యమన్నాడు. "హాల్లో బీరువా కొలతలకి వెళ్తున్నానక్కా" అని చెప్పి టేపు పట్టుకుని బయల్దేరాడు మనవాడు.

బీరువా ముందు నిలబడి టేపు లాగబోయి ఆగిపోయాడు. నల్లగుడ్డ వెనకుండటంతో అద్దంలో హాలంతా కనిపిస్తోంది. బెంచీలు, కిటికీలు, స్తంభం పక్కన తను ఆరోజు కూర్చున్న చోటు, అన్నీ. చెయ్యెత్తి చూశాడు. వేళ్లతో సహా కనిపించింది.

కొలతలు తీసుకోకుండానే అక్క దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ మిషను మీద వంగి ఉంది.

"అద్దం జాగ్రత్తరా, పగిలేను" అంది తలెత్తకుండానే.

"చూశావా అక్కా?"

"ఎదురుగా కనబడుతుంటే కళ్లు మూసుకోనా?"

"మరి మా ఆవిడతో అలా ఎందుకు చెప్పావు?"

ఆవిడ దారం పంటితో కొరికింది. "ఊళ్లో మనలాంటివాళ్లం ఎలాగూ తలెత్తుకోలేం. ఇంట్లోనైనా తలెత్తుకుని తిరగాలి కదరా నువ్వు" అంది.

తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. మనవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఆవిడ పిలిచినా వెళ్లలేదు.

ఇంటికి పోగానే పెళ్లానికి నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. ఆరోజు హాల్లో చెయ్యెత్తాలని కూడా ఇలాగే అనుకున్నాడు.