ఆగిన చుక్క

“మొన్న పంపినం, నిన్న పంపినం. ఇగ చాలు,” అంటూ మొగులమ్మ టిఫిన్ గిన్నె మూత లాక్కుంది. “వాడకట్టంత ఏమంటుండ్రో ఇన్నవా? మల్లన్న డ్యూటీల పండుకున్నందుకే పేలిందంట. ఆయన పండుకునుడేంది, మనం ఆ ఇంటికి బువ్వ మోసుడేంది?”

“పొయ్యి వెలగని ఇల్లు అత్తమ్మా. మొగడు పోయినకాడినుంచి సోమమ్మక్క నీళ్లు గూడ ముడ్తలేదు,” అంది ప్రేమలత, గిన్నెలోకి పప్పు వంచుతూనే.

“నీకు ఇంట్ల పని తక్కువైంది పిల్లా.”

మంచం మీదున్న మామ నర్సింలు ఇక ఆపమన్నట్టు దగ్గాడు. గోడకానుకుని కూర్చున్న ప్రేమలత భర్త ప్రవీణ్ తలెత్తలేదు. అతనూ మల్లన్నా ఒకే మందుల ఫ్యాక్టరీలో, ఒకే రియాక్టర్ దగ్గర ఒకరు డ్యూటీ దిగితే ఒకరు ఎక్కేవాళ్లు. అది పేలి మల్లన్న కాలిపోయినప్పటినుంచి ఇంట్లో ప్రవీణ్ గొంతు వినబడటమే తగ్గింది.

“మల్లన్న పండుకునే మనిషి కాదమ్మా,” అన్నాడు చివరికి. “రియాక్టర్‌కు బిగించిన ఆ గాజు పలకనే సతాయిస్తది. మాటిమాటికి చుక్క ఆగుతది. నేను దిగే ముందు గూడ ఆగింది. గోటితోని తట్టిన, నడిచింది. మేమంత గట్లనే చేస్తం.”

ప్రేమలత గరిటె పక్కన పెట్టి అతనివైపు తిరిగింది.

చిట్కుల్ దగ్గరి చిన్న యూనిట్‌లో ఆ పలకల్ని భూతద్దం కింద పెట్టి పరీక్షించేది ఆమే. అరచేతంత గాజు, లోపల వెంట్రుకంత కాలువలు, వాటిలో నూనె, నూనెలో రంగునీటి చుక్కలు. నిప్పురవ్వ పడితే అంటుకునే గదుల కోసం చేసినవి కాబట్టి కరెంటు ఉండదు. చుక్కలే ఆలోచించాలి. రియాక్టర్‌లో ఒత్తిడి హద్దు దాటితే ఒక చుక్క వచ్చి చిన్న రెక్కను సగం నెట్టి అక్కడే ఆగుతుంది. ఒత్తిడి దిగకపోతే రెండో చుక్క వచ్చి రెక్కను పూర్తిగా తిప్పుతుంది. అప్పుడు లోపలికి పోసే రసాయనం దానంతటదే ఆగిపోతుంది.

మొదటి చుక్క మొరాయించినట్టే కనబడుతుంది. నిజానికి అది రెండోదాని కోసం కాచుకుని ఉంటుంది. తడితే రెక్క వెనక్కి పోయి, పలక జరిగిందంతా మరిచిపోతుంది. మళ్లీ మొదటినుంచి మొదలయ్యేలోగా రసాయనం లోపలికి పోతూనే ఉంటుంది.

“తట్టినంక ఎంతసేపటికి పేలింది?”

“మల్లన్నకు అప్పజెప్పి బట్టలు మార్చుకుంటున్న. గంతల్నే...”

ఆమె ఊరుకుంటే అతనికి ఎప్పటికీ తెలియదు. మల్లన్న మాత్రం నిద్రపోయి చచ్చినవాడిగానే మిగిలిపోతాడు.

“అది ఆగుడు ఖరాబై కాదయ్యా,” అంది మెల్లగా. “లోపల ఒత్తిడి పెరిగిందని చెప్పుడు. తడితే ఆ మాట పోతది.”

ప్రవీణ్ తన బొటనవేలి గోటిని చూసుకున్నాడు.

“మాకెవరు చెప్పిండ్రు? పలక తెచ్చినోళ్లు వచ్చిండ్రు, బిగించిండ్రు, పోయిండ్రు.”

మొగులమ్మకు పలక సంగతి అర్థం కాలేదు. కొడుకు ముఖం అర్థమైంది. మూత కింద పెట్టి కోడలి చెయ్యి పట్టుకుంది.

“ఈ మాట కడప దాటనియ్యకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత.”

ప్రేమలత చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తోనే గిన్నెకు మూత బిగించింది. నర్సింలు లేచి కూర్చున్నాడు.

“గిన్నె సోమమ్మక్కకు ఇచ్చొస్త,” అంది అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా. “పొద్దుగాల సంగారెడ్డికి పోయి, ఆ పలక ఎట్ల పనిచేస్తదో పేలుడు మీద ఎంక్వైరీ చేసే ఆఫీసరుకు చెప్త. తట్టింది ఎవరో నేను చెప్ప. అది నీ కొడుకే చెప్పాలె అత్తమ్మా.”