ఎర్ర పెన్సిలు దిద్దని కాగితం

పటమటలో కృపానందం మాస్టారి ఎర్ర పెన్సిలుకు దొరకని కాగితం లేదు. శుభలేఖ ఇస్తే తప్పులు దిద్ది తిరిగిచ్చేవారు. పెళ్లికి మాత్రం వెళ్లేవారు కాదు. తప్పుల శుభలేఖతో పిలిస్తే ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు పాపం.

మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు ప్రాణంతో సమానమైన మాట ఒకటుంది, కనెక్షన్. లోకమంతా ఆ మాటలో సీ, టీ రాస్తుంది. మాస్టారు ఆ రెండూ పీకేసి ఎక్స్ పెడతారు. చిన్నప్పుడు దొరసాని నేర్పిన పాత స్పెల్లింగు అది. అర్థం ఏమీ మారదు. లండన్‌లోనే ఇప్పుడలా రాసేవాళ్లు తగ్గిపోయారట. ఆ లోటు పటమటలో కూర్చుని ఈయనొక్కరే పూడుస్తున్నారు.

పోయి పోయి ఆ ఎక్స్ ఆయన కూతురు హన్నా ఉద్యోగానికే అడ్డం పడింది. డెబ్బై నాలుగులో ఆటోనగర్‌లో లారీ సామాన్ల కంపెనీకి టైపిస్టు కావాల్సొచ్చింది. టైపు హయ్యరు పాసై రెండేళ్లుగా హన్నా ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. పరీక్షలో ఇంటి అలవాటు కొద్దీ వేళ్లు ఎక్స్ కొట్టేశాయి.

మేనేజరు వెంకటకృష్ణారావు కాగితం చూసి, "అంతా బాగుందమ్మా. ఈ ఒక్క మాటా మార్చి రేపు పదింటికి మళ్లీ కొట్టివ్వు, ఆర్డరు ఇచ్చేస్తా" అన్నాడు.

హన్నా బుద్ధి తక్కువై ఆ సంగతి ఇంట్లో చెప్పింది.

"తప్పు కానిదాన్ని తప్పని ఒప్పుకుంటావా?" అన్నారు మాస్టారు.

"ఉద్యోగం నాన్నా."

"ఇవాళ కాకపోతే రేపొస్తుంది."

రెండేళ్లుగా ఆ రేపు కోసమే చూస్తున్న హన్నాకు కడుపు మండింది.

మర్నాడు మాస్టారు లావుపాటి డిక్షనరీ చంకన పెట్టుకుని, కూతురితో పాటు రిక్షా ఎక్కారు. మేనేజరు గదిలో పేజీ తెరిచి పాఠం మొదలెట్టారు, లాటిన్ దగ్గర్నుంచి. వెంకటకృష్ణారావు మర్యాదస్తుడు, తలూపుతూ కూర్చున్నాడు. హన్నా బయట మెషిన్ ముందు కూర్చుంది. సీ కొట్టింది. టీ కొట్టింది. హెడ్ గుమాస్తా ఆ కాగితం లోపలికి తీసుకెళ్తే, మేనేజరు పాఠం వింటూనే ఆర్డరు మీద సంతకం పెట్టేశాడు.

"తమరన్నదే రైటండీ మాస్టారూ" అని కూడా అన్నాడు.

"చూశావా, డిక్షనరీ ముందు ఎవడైనా దిగి రావాల్సిందే" అన్నారు మాస్టారు బయటికొచ్చి.

"అవును నాన్నా" అంది హన్నా. కూతురికి ఉద్యోగం ఎక్స్ ఇప్పించిందని ఆయన మూడు వారాలు పటమటంతా చాటారు.

నాలుగో వారంలో హన్నా టిఫిన్ డబ్బాకు చుట్టి తెచ్చిన ఆఫీసు కార్బన్ కాపీ ఆయన కంటబడింది. ఆ మాట అందులో మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా సీ, టీలే. ఎర్ర పెన్సిలు జేబులోంచి బయటికొచ్చింది. హన్నా వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

మాస్టారు చివరిదాకా చదివారు. మళ్లీ మొదట్నుంచి చదివారు. పెన్సిలు తిరిగి జేబులో పెట్టుకున్నారు.

"తప్పుల్లేవమ్మా" అన్నారు, కాగితం మడిచి ఇస్తూ.

రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు రాని ఏడుపు హన్నాకు అప్పుడొచ్చింది.