హెప్సిబ గుండె మీద నేను

నేను ఒక నల్ల ప్లాస్టిక్ బ్యాడ్జిని. ఫిలిప్పీన్స్‌లో ఒక ఇరుకు దుకాణంలో, పెద్ద పలకను ముక్కలుగా కోసే యంత్రం కింద పుట్టాను. ఇంకో యంత్రం సూదితో నా ఒంటిని గీరి తెల్లటి అక్షరాలు తేల్చింది. నొప్పి పుట్టిందా అని ఎవరూ అడగలేదు. తమ పేరు కనబడాలంటే మనుషులు దేన్నైనా గీరతారు.

నన్ను పెట్టుకున్న పిల్ల పేరు హెప్సిబ. రాజమండ్రి అమ్మాయి, ఇరవయ్యేళ్ళది. మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో ఆ వయసు పిల్లలు చదువులు ఆపుకొని, జీతం భత్యం లేకుండా, చెప్పిన ఊరికి పోయి ఇంటింటికీ సువార్త చెప్పి వస్తారు. హెప్సిబ నర్సింగు మధ్యలో ఆపి వచ్చింది. ఆమె చిన్నతనంలో గోదావరిలో పడవ తిరగబడి తండ్రి పోయాడు. ఆ పడవలో తనూ ఉంది. అలాంటి పిల్లను ఫిలిప్పీన్స్‌లో చుట్టూ సముద్రమున్న దీవికి పంపారు. ఎవరెక్కడికి పోవాలో పెద్దలు ప్రార్థన చేసి తేలుస్తారట. ఆ వేళ ఈ సంగతి వాళ్ళకు తట్టలేదు కాబోలు.

ఆమె గుండె మీద ఉండేదాన్ని గనుక ఆమె భయమంతా ముందు నాకే తెలిసేది. కుక్క మొరిగితే దడ. తలుపు కొడితే దడ. ‘ఇంట్లో ఎవరూ లేకుంటే బాగుండు ప్రభువా’ అని లోలోపల వేడుకొని మరీ తలుపు కొట్టేది. సువార్త చెప్పవచ్చిన మనిషి చేయవలసిన ప్రార్థనేనా అది! జతగా తిరిగే లోసా మాత్రం టోంగా దీవుల పిల్ల. మనిషి దిట్టం, నవ్వూ దిట్టం. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు.

వాళ్ళు తిరిగే ఒక వీధి చివర, ఏటి ఒడ్డున, లోలా పాసింగ్ అనే ముసలమ్మ ఉండేది. లోలా అంటే అక్కడివాళ్ళ మాటలో అమ్మమ్మ. కాళ్ళు పనిచేయవు. కిటికీ దగ్గర కూర్చుని మమ్మల్ని చూడగానే, “పొండి! నా దేవుడు నాకున్నాడు!” అని రెక్క మూసేసేది.

తుఫాను వచ్చిననాడు మధ్యాహ్నమే చీకటి పడ్డట్టయింది. అందరూ మిట్ట మీది ప్రార్థనా మందిరానికి చేరాలని కబురు వచ్చింది. హెప్సిబ, లోసా తడుస్తూ పరుగెడుతుంటే వెనక నుంచి కేక వినిపించింది. లోలా పాసింగ్ గొంతు. ఏటి నీళ్ళు అప్పటికే గట్టు దాటి వీధిలోకి వచ్చేశాయి.

“నువ్విక్కడే ఉండు. ఆమెను నేను మోసుకొస్తాను,” అంది లోసా.

“ఒక్కదానివి ఎలా మోస్తావు?”

“నీకు నీళ్ళంటే...”

“తెలుసు,” అంది హెప్సిబ. అని అక్కడే నిలబడిపోయింది. లోసా నడుం లోతు నీళ్ళలో దిగిపోయింది. హెప్సిబ కాళ్ళు కదలలేదు. ఆమె గుండె కొట్టుకున్న తీరుకు నా వెనకున్న పిన్ను ఊడిపోతుందనుకున్నాను. “అమ్మా, భయమేత్తందే... అమ్మా, భయమేత్తందే,” అని తెలుగులో గొణుక్కుంటూ, ఏడుస్తూ, ఒక అడుగు వేసింది. ఆ తర్వాత ఇంకోటి.

నీళ్ళు నా మీదికి వచ్చాయి. బురద, కొబ్బరి మట్టలు, ఎవరిదో చెప్పు. ఆ నల్లటి నీళ్ళ కింద నాకు ఏమీ కనబడలేదు. నేనూ భయపడ్డాను, ప్లాస్టిక్‌ను నీళ్ళు ఏమీ చేయవని అప్పుడు నాకు తెలియదు మరి.

ఇంటికి చేరి, అక్కడున్న బట్టలుతికే పెద్ద టబ్బులో ముసలమ్మను కూర్చోబెట్టారు. లోసా ముందు నుంచి లాగుతోంది, హెప్సిబ వెనక నుంచి నెడుతోంది. వీధి మధ్యలో కాలు జారి హెప్సిబ మునిగింది. లోసా తిరిగి చూసేలోపే ముసలమ్మ టబ్బులోంచి వంగి, ఆమె జుట్టు దొరకబుచ్చుకొని పైకి గుంజింది. “లే! చచ్చిపోతావా? లే!” అని తిట్టింది. దగ్గుతూ, కక్కుతూ హెప్సిబ లేచి మళ్ళీ టబ్బుకు చేతులానించింది.

మందిరంలో లోలా పాసింగ్ పొడి దుప్పటి కప్పుకుంది, వేడి గంజి తాగింది, తన జపమాల తీసి తన ప్రార్థన తను చేసుకుంది. సంఘంలో చేరలేదు. ఆ తర్వాత కూడా చేరలేదు. కాని ఆరోజు హెప్సిబ వణుకు తగ్గేదాకా ఆమె చెయ్యి వదలలేదు.

ఫోను పనిచేశాక తల్లి రత్నకుమారి అడిగిన మొదటి మాట: “అన్నం తిన్నావేంటే?” ఇంకేమీ అడగలేదు. వచ్చెయ్యమనలేదు. హెప్సిబ గడువు పూర్తయ్యేదాకా అక్కడే ఉంది. తలుపు కొట్టేముందు ఆ పాత ప్రార్థనే చేసుకునేది. కొట్టడం మాత్రం మానలేదు.

రాజమండ్రి వచ్చాక, సేవ ముగిసిందని చెప్పి, బ్యాడ్జి తీసెయ్యమన్నారు సంఘ పెద్ద. ఇంటికి వచ్చి నన్ను బల్ల మీద పెట్టి, హెప్సిబ ఆనాటి వరద సంగతి తల్లికి అప్పుడు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

రత్నకుమారి నన్ను తీసి కొంగుతో తుడిచి మళ్ళీ బల్ల మీద పెట్టింది. తర్వాత, “నాకు ముందే తెలుసే,” అంది. “ఆ లోసా పిల్ల అప్పుడే ఫోన్ చేసి చెప్పేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం ఏడ్చాం.”

“మరి నన్ను వచ్చెయ్యమనలేదేంటమ్మా?”

“అంటే వచ్చేత్తావని.”

హెప్సిబ తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నేను బల్ల మీద నుంచి చూస్తున్నాను. పైకి ఏమీ కనబడకుండా, ఏ బిళ్ళా పెట్టుకోకుండా కూడా మనుషులు సేవ చేస్తారని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు.