వేడి ప్లగ్గు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఇంటి ముందు మెకానిక్ షెడ్డులో బండి విప్పుకుని కూర్చున్న నాన్న, వంటింట్లో అమ్మ, మంచం దిగకుండానే ఇల్లంతా నడిపించే నానమ్మ, పొద్దున్నే తన కుట్టుమిషను ట్రాలీ మీద వేయించుకుని వచ్చిన అత్త, నాన్న పక్కన పానాలు అందిస్తూ పిల్ల. పిల్లను అందరూ నంగి అనేవారు. నలుగురిలో నోరు విప్పితే మాట సగంలోనే ముక్కులోకి జారిపోయేది.

నంగి మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినేది అత్త ఒక్కతే.

కుట్టీ కుట్టీ అత్త నడుం పడిపోయింది. ఇంటింటికీ పార్సిళ్ళు అందించే పని దొరికింది. సొంత బండి ఉంటేనే రమ్మన్నారు. అమ్మకేమో ఆ మిషను మీద ఎప్పటినుంచో కన్ను. మిషను వీళ్ళకి, నాన్న పాత బండి అత్తకి. అలా మాట అనుకున్నారు.

"సర్వీసింగు చేసి మరీ ఇస్తాను చెల్లెమ్మా, కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది చూడు," అన్నాడు నాన్న.

"పెళ్ళికూతురు సంగతి సరే, పరిగెడుతుందా?" అంది అత్త నవ్వుతూ.

నాన్న ఆయిల్ మార్చాడు, ఎయిర్ ఫిల్టరు దులిపాడు, చైను బిగించాడు. ఆఖర్న స్పార్కు ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టాడు. నంగి కూడా తొంగి చూసింది. మొన ఆయిల్లో ముంచి తీసినట్టు నల్లగా, తడిగా ఉంది. పిస్టను రింగులు అరిగిపోయి ఇంజను ఆయిల్ తాగుతోందన్నమాట. రింగులు మార్చాలంటే ఇంజను దించాలి.

నాన్న ఇంజను దించలేదు. డబ్బాలో వెతికి ఇంకో ప్లగ్గు తీశాడు. ఆ బండికి వేయాల్సిన రకం కాదది. వేడిని తన మొన దగ్గరే పట్టి ఉంచుకుని, మీద పడ్డ ఆయిల్‌ను కాల్చేస్తూ పోయే రకం. అది పెడితే బండి తుమ్మదు, దగ్గదు, కొన్నాళ్ళు బుద్ధిగా నడుస్తుంది. లోపలి రోగం మాత్రం ముదురుతూనే ఉంటుంది.

"నాన్నా, అది ఈ బండికి..."

"నోర్ముయ్. చూసింది చూసినట్టు మింగెయ్."

నంగి లోపలికి వెళ్ళింది. అత్త అమ్మకి మిషనులో దారం ఎక్కించడం చూపిస్తోంది. నంగి గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడింది.

"ఏంటే, మొహం అలా వేలాడేశావు? ఉద్యోగంలో చేరాక నిన్ను వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పుతాలే," అంది అత్త.

చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. అమ్మ తలెత్తి చూసేసరికి వెనక్కి పోయింది.

"దాన్ని మాట్లాడించేసరికి మనకి తెల్లారుతుంది గానీ, టీ సంగతి చూడండర్రా," అని మంచం మీంచి కేకేసింది నానమ్మ.

టీ తాగడానికి నాన్న చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు. అదే అదనుగా నంగి షెడ్డులోకి దూరింది. వేడి ప్లగ్గు విప్పి గుప్పిట్లో పెట్టుకుంది. తుక్కు డబ్బాలోంచి ఆ తడి ప్లగ్గే తీసి, తుడవకుండా మళ్ళీ బిగించింది. బండి తన రోగం తనే చెప్పుకుంటుందిలే అనుకుంది.

చెప్పుకుంది. అత్త ఎక్కి వీధి మలుపు దాకా వెళ్ళిందో లేదో, బండి టపటపా కొట్టుకుని ఆగిపోయింది. తోసుకుంటూ వెనక్కి తెచ్చింది. ఎదురింటి వెల్డింగు ఆయన పని ఆపి మరీ వచ్చి నిలబడ్డాడు. నాన్న ప్లగ్గు విప్పి చూసి, నెమ్మదిగా తల తిప్పి నంగిని చూశాడు.

"ఎవరే మార్చింది?"

నంగి గుప్పిట విప్పింది. "నేనే. రింగులు పోయాయత్తా. ఇది పెడితే తెలీదని నాన్న పెట్టాడు."

మాట ఒక్కచోట కూడా తడబడలేదు.

"ఏమయ్యా, సొంత చెల్లెలికే టోపీ పెట్టావా? మేమంతా ఏ లెక్క!" అని పగలబడి నవ్వాడు వెల్డింగు ఆయన.

నాన్న మొహం నల్లబడింది.

"పోనీలే అన్నయ్యా, ఉన్నదున్నట్టే ఇచ్చెయ్యి. నేను నడుపుకుంటా," అంది అత్త గబగబా.

"ఇస్తే మోసం చేశానని ఊరంతా చెప్పుకోవాలి, అంతేగా? నా బండి నా దగ్గరే ఉంటుంది. నీ మిషను నువ్వు పట్టుకుపో."

అత్త రెండుసార్లు బతిమాలింది. నాన్న బండిని షెడ్డులోకి తోసి తాళం వేశాడు. ఆ తాళం చప్పుడుకి అత్త మొహంలో రంగు పోయింది. అదెందుకో నంగికి అర్థం కాలేదు. రోగిష్టి బండి అంటగట్టలేదని సంతోషించాలిగా!

మిషను మళ్ళీ ట్రాలీ ఎక్కింది. అది కదలకుండా పట్టుకుని నంగి కూడా వెంట వెళ్ళింది. ఇంటికి చేరాక అత్త మిషను లోపల పెట్టించి, గడపలో నిలబడింది.

"ఆ షెడ్డు మీ తాతదే. అందులోనే పెరిగాను నేను. ఇంజను చప్పుడు వింటే నాకు రింగుల సంగతి తెలీదనుకున్నావా?"

నంగి నోరు తెరిచింది.

"మీ నాన్న పెట్టే ప్లగ్గుతో రెండు నెలలు ఎలాగో లాగేదాన్ని. ఆలోపు పని ఖాయమైతే వాళ్ళే బండి ఇస్తారు. ఇప్పుడు బండి లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మళ్ళీ ఈ మిషనే."

"నీకు చెబుదామనే వచ్చానత్తా. నోరు రాలేదు."

"పానా పట్టుకోవడానికి చెయ్యి వచ్చిందిగా. ఒక్క మాట, నా చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే, తెలుసులేవే ఊరుకో అనేదాన్ని."

"అత్తా..."

"వెళ్ళు."

"అత్తా, నేను నీ కోసమే..."

ఈసారి మాట పూర్తయ్యేదాకా అత్త ఆగలేదు. తలుపు వేసేసింది.