వీపు చూపని టీచరు

బోర్డు పాడైందని కబురు వచ్చింది. బళ్ళలో టీచర్లకు కొత్త పరికరాలు అలవాటు చేయడం నా ఉద్యోగం. వెళ్ళి చూస్తే ఆ తెరబోర్డు నిక్షేపంలా ఉంది. నేను వేలితో రాస్తే రాసినట్టే ఉంటోంది. మూడో తరగతి టీచరు రాస్తే మాత్రం పేజీ ఎగిరిపోయి ఇంకోటి వస్తోంది.

"నేనంటే దీనికి పడదు బాబూ," అన్నారావిడ. "ఇవాళ కూడా ఇలాగే ఏడిస్తే దీన్ని పక్క తరగతికి మార్చేస్తానన్నారు హెడ్ మేడం. మార్చేస్తే పీడా పోతుంది."

నోరు పీడ అంటోంది గానీ, చీర కొంగు బోర్డు అంచున దుమ్ము తుడుస్తోంది. ఈ రెండింటిలో ఏది ఆవిడ మాటో తెలుసుకోవాలనిపించింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే చివరి బెంచీలో కూర్చున్నాను.

"బోర్డు మావయ్యా, మా బెంచీ విరగ్గొట్టకు," అన్నాడొకడు. తరగతంతా గొల్లుమంది.

యాభైరెండులోంచి ఇరవైయేడు తీసివేత. ఆవిడ బోర్డుకు భుజం ఆనించి, మొహం పిల్లల వైపు ఉంచి, చేతిని వెనక్కి పోనిచ్చి రాస్తున్నారు. మోచెయ్యి తెరకు తగులుతోంది. బోర్డు దాన్నీ వేలే అనుకుంటోంది. అంతే సంగతి.

బోర్డు వైపు తిరిగి రాయండి అంటే సరిపోయేది. లేవబోయి ఆగాను. ఒక మనిషి ఒళ్ళు ఊరికే అలా మెలి తిరగదు. ఏదో పోతుందన్న భయం ఉండాలి. ఆవిడ చూపు వెంట నా చూపు పోనిచ్చాను. అది మాటిమాటికీ కిటికీ పక్క బెంచీ మీద వాలుతోంది. అక్కడ రెండు జడల పిల్ల. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

"ఆఁ, పక్కింట్లోంచి పది తెచ్చుకోవాలి. బాగా చెప్పావు," అన్నారు టీచరు, ఎవరితోనో చెప్పకుండా.

విరామంలో ఆ పిల్ల సంగతి అడిగాను.

"అది బళ్ళో గొంతెత్తదు బాబూ. ఇంట్లో వసపిట్టేనట. నేను అటు తిరిగానా, అది చెప్పింది గాలికి పోతుంది."

"మరి బోర్డు పోతే?"

ఆవిడ చెయ్యి మళ్ళీ బోర్డు అంచు మీదికి పోయింది. "దాని మీద బొమ్మలొస్తే నవ్వుతుందది."

నా సంచిలోంచి పలక లాంటి ట్యాబ్ తీసి బోర్డుకు కలిపాను. "దీని మీద రాస్తే అక్కడ కనిపిస్తుంది. మీరు బోర్డు దగ్గర ఉండక్కర్లేదు."

"మరి ఎక్కడుండాలి?"

ట్యాబ్ ఆవిడ చేతిలో పెట్టాను. ఎక్కడుంటారో చూడాలని ఉంది.

గంట కొట్టారు. హెడ్ మేడం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. టీచరు బెంచీల మధ్య నడిచి, కిటికీ పక్కన కూర్చుని, ట్యాబ్ ఆ పిల్ల ముందుకు జరిపారు. బోర్డు మీద వంకర యాభైరెండు లేచింది. కింద ఇరవైయేడు. తరగతి కళ్ళన్నీ బోర్డు మీదే. పిల్లను ఎవరూ చూడటం లేదు. గీత కింద జవాబుగా ఐదు పడింది. దాని మీద కొట్టివేత పడింది. దాని బదులు నాలుగు పడింది.

"తప్పు! మంచి ఐదు కొట్టేసింది ఎవడ్రా?" ముందు బెంచీ వాడు అరిచాడు.

"ఆగరా! ఇంకా అవలేదు."

బొంగురు గొంతు. అంత చిన్న పిల్లదని మొదట పోల్చుకోలేకపోయాను. గదంతా కిటికీ వైపు తిరిగింది. టీచరు మాత్రం, ఆ రోజు మొదటిసారి, ఆ పిల్ల మీంచి కళ్ళు తీసి బోర్డు వైపు తిరిగి కూర్చున్నారు.

"అయ్యేదాకా ఆగుదాం, తొందరేం లేదు," అన్నారు.

"బోర్డు బాగానే ఉందిగా," అనుకుంటూ హెడ్ మేడం వెళ్ళిపోయారు.

నాలుగు చెరిగిపోయింది. ఐదు తిరిగి వచ్చింది. దానికి ఎడమ పక్కన, నెమ్మదిగా, రెండు.