ముందు వరుసలో దగ్గు

నూనె డబ్బా జిడ్డు ఒక పట్టాన వదలదు. వేడినీళ్ళు పోసి, సబ్బుపొడి వేసి, మూత బిగించి, చంటిపిల్లను ఆడించినట్టు అటూ ఇటూ ఊపి పారబోయాలి. మళ్ళీ పోయాలి. ఏటా ఈ పని ఆమెదే. బడిలో సైన్సు ప్రదర్శన రోజున ఆమె భర్త వేదిక మీద ఆ డబ్బాలో కాసిని నీళ్ళు మరిగించి, దించి, మూత బిగించి, పైన చన్నీళ్ళు గుమ్మరిస్తాడు. లోపలి ఆవిరి నీరైపోతుంది. లోపల ఖాళీ ఏర్పడితే బయటి గాలి ఊరుకోదు. ఎవరూ ముట్టుకోకుండానే డబ్బా కరకరమని నలిగిపోతుంది. పిల్లలు ఈలలు వేస్తారు, ఆయన చేతులు జోడిస్తాడు. జిడ్డు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇద్దరూ ఆ బడిలో సైన్సు టీచర్లే. చదువూ ఒకటే. మార్కులు ఎవరికెక్కువ వచ్చాయని అడిగితే మాత్రం ఆయన మాట మారుస్తాడు. ఇంట్లో అత్తగారి తూకం వేరు. ఒకసారి పాలు పొంగితే, "ఊళ్ళో పిల్లలందరికీ ఆవిరి పాఠాలు చెప్తావు, పొయ్యి మీద గిన్నె చూసుకోలేవా అమ్మాయ్?" అంది. పొయ్యికి రెండడుగుల్లో కూర్చుని పేపరు చదువుతున్న కొడుకు చెప్పేదీ అదే పాఠమని ఆవిడకు తట్టలేదు.

రేపటి ప్రదర్శనకు సైన్సు కేంద్రం వాళ్ళు వస్తున్నారు. బడి బడికీ తిరిగి పిల్లలకు ప్రయోగాలు చూపించే వ్యాను ఒకటి తయారు చేశారట, దానికి ఒక టీచరు కావాలి. రేపు ప్రయోగం చేసినవాళ్ళలోంచే ఎంచుకుంటారు. ఆ వ్యాను సంగతి విన్నప్పటినుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇవాళ మధ్యాహ్నం ధైర్యం చేసి హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళి, "గాలి ఒత్తిడి ప్రయోగం ఈసారి నేను చేస్తాను మేడమ్" అంది.

ఆవిడ మంచి మనిషే. జాలిగా చూసింది. "చెయ్యొచ్చు కానీ, ఆ వ్యానుది దుమ్ములో తిరిగే ఉద్యోగం కదమ్మా. నీకేమో ఆ దగ్గు. చిన్నప్పటినుంచీ ఉందట కదా, మీ ఆయన చెప్పారు."

ఇంటికొచ్చి డబ్బా ముందేసుకుని కూర్చుంది.

ఆ దగ్గుకు ఒక కథ ఉంది. ఆయన మాటల ధోరణిలో పడితే ఒళ్ళు తెలియదు. నీళ్ళు మరిగి, ఆవిరి డబ్బాలోని గాలినంతా బయటికి నెట్టేదాకా ఆగాలి. ఆగాక పొయ్యి మీదినుంచి దించాలి. దించిన వెంటనే మూత బిగించాలి. ఆలస్యం చేస్తే గాలి మళ్ళీ దూరుతుంది, డబ్బా నలగదు. దించకుండా బిగిస్తే పేలుతుంది. ఆయన డబ్బాను చూడడు, జనాన్ని చూస్తాడు. అందుకని మొదటి ఏడాదే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఆమె ముందు వరుసలో కూర్చుని ఒకసారి దగ్గితే దించాలి, మళ్ళీ దగ్గితే మూత. రానురాను ఆయన ఒప్పందాన్ని మరిచిపోయాడు గానీ దగ్గుకు మాత్రం అలవాటుపడ్డాడు. స్టాఫ్ రూములో ఎవరో అడిగితే "మా ఆవిడకు గొంతు బలహీనం" అన్నాడు. ఒకసారి ప్రేమగా దగ్గుమందు సీసా కూడా కొనుక్కొచ్చాడు. ఆమె నవ్వి ఊరుకుంది. అత్తగారి కంటి ఆపరేషనుకని ఆమె ఆసుపత్రిలో ఉండిపోయిన ఏడాది డబ్బా చెక్కు చెదరలేదు. "చిల్లు డబ్బా ఇచ్చి నా పరువు తీశావు" అంటూ ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. మర్నాడు ఆమె దాని నిండా నీళ్ళు పోసి చూసింది. చుక్క కారలేదు. ఇంట్లో గొడవెందుకని ఆ మాట మింగేసింది. మింగిన మాట ఇప్పుడు వ్యానుకు అడ్డం పడింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ముందుగదిలో ఆయన రేపటి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. "గాలికి బరువుందని టొరిచెల్లి పాదరసం గొట్టంతో చూపించాడు. మరి పైకి వెళ్ళేకొద్దీ ఆ బరువు తగ్గుతుందా? తేల్చినవాడు పాస్కల్! కొండ మీదికి గొట్టం పట్టుకెళ్ళి చూస్తే పాదరసం దిగిపోయింది!"

ఆమె డబ్బాతో సహా గుమ్మంలోకి వచ్చింది. "కొండెక్కింది పాస్కల్ కాదు. ఆయనెక్కడో వేరే ఊళ్ళో ఉన్నాడు. ఎక్కింది వాళ్ళ బావ, పెరియే."

"తెలుసులేవోయ్. బావ పేరు చెప్తే చప్పట్లు కొడతారా?"

"పాస్కల్ చెప్పాడుగా! బావ చేసిందంతా బావ మాటల్లోనే అచ్చు వేయించాడు."

"అయితే ఇప్పుడేమంటావ్?"

కొండ కింద ఇంకో గొట్టం నిలబెట్టి, దాన్ని రోజంతా చూస్తూ ఒక సన్యాసి కూర్చున్నాడని ఆమె చదివింది. కదలని పాదరసాన్ని కనిపెట్టుకుని కూర్చోవడం ఎంత విసుగో ఆమెకు తెలుసు. కింద అతను చూడకపోతే పైన తేడా వచ్చిందని నమ్మేదెవరు? ఆ సన్యాసిని కూడా వాళ్ళు మరిచిపోలేదు, పేరుతో సహా రాశారు. వందల ఏళ్ళ కిందటి మనుషులకున్న ఆపాటి ఇంగితం తన ఇంట్లో లేకపోయింది. డబ్బా కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన ఎదురుగానే ఫోను తీసింది.

"మేడమ్, నాకు దగ్గు లేదు. ఎప్పుడూ లేదు. డబ్బా ఎప్పుడు దించాలో, మూత ఎప్పుడు పెట్టాలో ఆయనకు తెలియడానికి దగ్గేదాన్ని. రేపు నేనే చేస్తాను. ఆ వ్యాను నాకు కావాలి."

అవతలినుంచి నవ్వు వినిపించింది. "నీకోసం నేను మిరియాల కషాయం కూడా కాచి తెచ్చాను కదమ్మా! సరే, నీ పేరే వేస్తాను. మరి మీ ఆయన?"

"ముందు వరుసలో కూర్చుంటారు."

అత్తగారు గదిలోంచి తల బయటపెట్టి, "ఏమైందర్రా?" అంది. ఆయన ముఖం ఎర్రబడింది. చేతిలోని ఉపన్యాసం కాగితాలు మడిచాడు, విప్పాడు.

"ఇన్నేళ్ళూ నేను చేసిన ప్రయోగం. అందరి ముందూ నువ్వు తడబడితే?"

ఆమె డబ్బాను వాసన చూసింది. జిడ్డు పూర్తిగా పోయింది.

"అప్పుడు మీరు దగ్గండి."